పాత కారు తుక్కుకిస్తే రోడ్ టాక్స్ వెనక్కొస్తుందా? శ్రీకాకుళం నుంచి ఒక స్క్రాపింగ్ సర్వీస్ రివ్యూ

నాన్న 2006లో కొన్న మారుతి 800ని ఈ ఏడాది ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ యూనిట్‌కి ఇచ్చేశాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ వీధికి వెళ్లినా టైర్లలో గాలి దిగిపోయి, అద్దాల మీద దుమ్ము పేరుకుని గోడ పక్కన నిలబడ్డ పాత కార్లు కనిపిస్తాయి. మేం ఇచ్చామని తెలిశాక అలాంటి బళ్లున్న వాళ్లు అడుగుతున్న మొదటి ప్రశ్న ఒకటే, "కట్టిన రోడ్ టాక్స్ ఏమైనా తిరిగిస్తారా?" అని. నగదుగా చేతికి రాదు. కొత్త బండి కొనేటప్పుడు పన్నులో రాయితీగా వస్తుంది, అదీ సరైన సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి మాత్రమే. ఇది కాక బండి పేరు మీద ఇంకో రెండు మూడు చోట్ల మన డబ్బు ఉండిపోతుంది, దాన్ని అడిగి తెచ్చుకోవాలి, అడగకపోతే ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు.

సేవకి నా మార్కు ఐదుకి నాలుగు. ఒక మార్కు ఎందుకు తగ్గించానో బండి తీసుకెళ్లిన రోజు సంగతి దగ్గర చెప్తాను. యూనిట్ పేరు రాయట్లేదు. మీరు ఏ యూనిట్‌కి వెళ్లినా పనికొచ్చే విషయాలే రాస్తున్నా.

ఈ టాక్స్ వాపసు మాట మా ఇంట్లోకి బ్రిటన్ నుంచి వచ్చింది. మా పిన్ని కొడుకు లెస్టర్‌లో ఉంటాడు, తన పాత కారు తుక్కుకిచ్చినప్పుడు వాడికి చెక్కు వచ్చింది. అక్కడి పద్ధతి వేరు. రోడ్డు పన్ను ఏడాదికో, ఆరు నెలలకో, నెలనెలా బ్యాంకు నుంచో కడతారు. కారు ఇచ్చేశామని డీవీఎల్ఏ అనే వాళ్ల వాహనాల సంస్థకి చెప్పగానే, మిగిలిన పూర్తి నెలల పన్ను వాళ్లే లెక్కకట్టి లాగ్ బుక్‌లో (అక్కడి ఆర్సీ లాంటిది) పేరున్న మనిషికి పంపిస్తారు, విడిగా దరఖాస్తు కూడా అక్కర్లేదు. చెప్పకుండా ఊరుకుంటే వెయ్యి పౌండ్ల వరకు జరిమానా. వాడు ఫోన్లో ఇదంతా చెప్పేసరికి నాన్న తన కారు కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. రిటైరైన లెక్కల మాస్టారు ఆయన, పైసా కూడా వదిలే మనిషి కాదు.

మన దగ్గర సొంత కారుకి నెలల లెక్క లేదు. కొన్న రోజునే బండి ధర మీద ఇంత శాతం అని జీవిత పన్ను ఒకేసారి కట్టేస్తాం. ఇరవై ఏళ్లు తిరిగిన కారుకి అందులో మిగిలింది అంటూ ఏమీ ఉండదు. రాష్ట్రం మారిపోయే వాళ్ల సంగతి వేరు. బండితో సహా బరంపురమో హైదరాబాదో శాశ్వతంగా వెళ్లిపోయి, ఇక్కడి ఆర్టీవో దగ్గర ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని, అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించి, అక్కడి పన్ను కట్టిన వాళ్లు ఇక్కడ కట్టిన దాంట్లో మిగిలిన భాగం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇల్లు కదలని ముసలి బండికి ఆ దారి లేదు.

మరి రాయితీ ఎక్కడిదంటే, 2021లో కేంద్రం పాత వాహనాల తుక్కు విధానం తెచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో స్క్రాపింగ్ యూనిట్ల నిబంధనలు వచ్చాయి, అక్టోబరులో పన్ను రాయితీ నోటిఫికేషన్ వచ్చింది, అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత బండిని గుర్తింపు ఉన్న యూనిట్‌కి ఇచ్చి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకుంటే, దాని మీద కొనే కొత్త బండి పన్నులో సొంత వాహనాలకైతే 25 శాతం వరకు, రవాణా వాహనాలకైతే 15 శాతం వరకు తగ్గించవచ్చు. ఇక్కడ "వరకు" అన్న మాటని వదిలేసి చదవకండి. అది గరిష్ఠ పరిమితి, దాని లోపల ఎంత ఇవ్వాలన్నది రాష్ట్రాల చేతిలో ఉంటుంది. కొత్త కారు జీవిత పన్ను 80 వేలు అనుకుందాం, పూర్తి 25 శాతం దొరికితే 20 వేలు తగ్గుతుంది. మా 800కి పాత ఇనుము కొట్టులో పలికిన ధరతో పోల్చి చూస్తే ఈ ఒక్క కాగితం విలువ ఏంటో అర్థమవుతుంది.

అసలు ఎందుకు ఇచ్చేశామంటే, 15 ఏళ్లు దాటిన కారు ఇచ్చేయాలి అన్న రూలు వల్ల మాత్రం కాదు. ఆ భయంతో మంచి కండిషన్‌లో ఉన్న బండిని వచ్చినకాడికి అమ్మేసుకున్నవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు, చూస్తే బాధేస్తుంది. పదేళ్ల డీజిలు, పదిహేనేళ్ల పెట్రోలు అన్న గొడవ ఢిల్లీ ప్రాంతానిది. మన దగ్గర సొంత కారు 15 ఏళ్లయ్యాక ఆర్టీవో దగ్గర తనిఖీ చేయించి, ఫీజు, గ్రీన్ టాక్స్ కట్టి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. నాన్న 2021లో అలాగే పొడిగించారు. అప్పుడు కారు రెన్యువల్ ఫీజు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి అది 5 వేలైంది. 2025 ఆగస్టులో ఇంకో మార్పు వచ్చి, 20 ఏళ్లు దాటిన కారుకి 10 వేలు చేశారు. గ్రీన్ టాక్స్ వేరే. దానికి తోడు మా బండి కింద భాగమంతా తుప్పు. మాకు సముద్రం ఎంతో దూరం లేదు, కళింగపట్నం వైపు నుంచి వచ్చే ఉప్పు గాలికి ఫ్లోర్ రేకు పొరలు పొరలుగా లేచిపోయింది, డ్రైవర్ సీటు కింద వేలు పెడితే రోడ్డు తగులుతుంది. తనిఖీకి పంపాలంటే ముందు వెల్డింగ్, పెయింటింగ్, బ్రేకులు. మెకానిక్ చెప్పిన ఖర్చు బండి విలువని దాటిపోయింది. 800 తయారీయే 2014లో ఆగిపోయింది, కొన్ని సామాన్లకి వెతుక్కోవాల్సిందే. ఇంక చాలు అని నాన్నే అన్నారు.

మొదట వచ్చింది పాత ఇనుము కొట్టతను. "మాస్టారూ, కాగితాలు ఎందుకండీ, తాళం ఇచ్చీండి, సాయంత్రానికి బండి తోలీసుకుపోతాం" అన్నాడు, అప్పటికప్పుడు నోట్లు కూడా తీశాడు. మన ఊళ్లలో ఎక్కువ కార్లు ఇలాగే పోతున్నాయి. ఇందులో ప్రమాదం ఏంటో ఒకసారి ఆలోచించండి. బండి ముక్కలైపోతుంది కానీ రికార్డుల్లో అది మీ పేరు మీదే బతికుంటుంది. ఛాసిస్ నంబరున్న ముక్క, నంబరు ప్లేటు, ఆర్సీ బుక్కు ఎవరి చేతిలో పడతాయో తెలీదు. దొంగ బండికి ఆ నంబరు తగిలించి తిప్పితే చలాన్లు మీ ఫోనుకొస్తాయి, యాక్సిడెంట్ చేస్తే పోలీసులు మీ ఇంటికొస్తారు. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం బండి నాశనమైనా, ఇంక ఎప్పటికీ వాడలేని స్థితికి వచ్చినా 14 రోజుల్లోగా ఆర్టీవోకి తెలియజేయాల్సింది యజమానే. ఇనుము కొట్టులో ఇచ్చే చీటీతో ఆర్టీవో రిజిస్ట్రేషన్ రద్దు చేయరు.

తర్వాత ఒక బ్రోకరు. "జీవిత పన్నులో సగం వెనక్కి తెప్పిస్తాను, ముందు ఖర్చులకి ఇంత ఇవ్వండి" అన్నాడు. నాన్న ఆ పన్ను కట్టిన రసీదు మీద తారీఖు చూపించి, ఇరవై ఏళ్ల నాటి బండికి ఏ నిబంధన కింద ఇస్తారో కాగితం మీద రాసివ్వమన్నారు. అతను మళ్లీ కనపడలేదు. ఇలాంటి వాళ్లు ఆర్టీవో ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంటారు, దయచేసి వాళ్లకి అడ్వాన్సులు ఇవ్వకండి.

గుర్తింపు ఉన్న యూనిట్లు ఎక్కడున్నాయో కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో వాహనాల స్క్రాపింగ్ పేజీలో ఉంటుంది. చాలామందికి తెలియని విషయం, మన రాష్ట్రం బండి మన రాష్ట్రంలోనే ఇవ్వాలన్న నిబంధన లేదు, దేశంలో గుర్తింపు ఉన్న ఏ యూనిట్‌కైనా ఇవ్వవచ్చు. ఇచ్ఛాపురం, పలాస, సోంపేట వాళ్లకి విశాఖ కంటే భువనేశ్వర్ వైపు చూడటం ఒక్కోసారి తేలిక, టాటా వాళ్ల యూనిట్ అక్కడ 2023 నుంచి ఉంది. మాకు విశాఖ వైపే దగ్గర కాబట్టి అటు వెళ్లాం. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఓటీపీ ఆర్సీకి లింకైన ఫోన్ నంబరుకే వస్తుంది. నాన్న పాత నంబరు ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి ముందు నంబరు మార్పించాం. మీరు యూనిట్‌తో ధర మాట్లాడక ముందే ఈ పని చూసుకోండి. బండి మీద పెండింగ్ చలాన్లు, బకాయిలు ఉంటే అవీ కట్టేయాలి.

ఇంకో పెద్ద అడ్డంకి బ్యాంకు లోను. దీన్ని మా బావగారి దగ్గర చూశాం. విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఉంటారాయన, తన ఇండికాని మాతో పాటే ఇచ్చేద్దామనుకున్నారు. 2010లో ఆంధ్రా బ్యాంకు లోనుతో కొన్న బండి అది, లోను ఎప్పుడో తీరిపోయింది. కానీ ఆర్సీలో హైపోథికేషన్, అంటే బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు, అలాగే ఉండిపోయింది. బ్యాంకు పేరు ఆర్సీ మీద ఉన్నంతకాలం ఏ యూనిటూ బండి తీసుకోదు, తీసుకోకూడదు కూడా. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కాబట్టి ఎన్‌వోసీ, ఆ తాకట్టు తీయించే ఫారం 35 ఇప్పుడు యూనియన్ బ్యాంకు నుంచే తీసుకోవాలి. బావ ఆ లోను క్లోజ్ చేసిన రసీదు దాచుకోబట్టి సరిపోయింది, లేకపోతే పాత ఖాతా వివరాలు తవ్వించడానికే సమయం పట్టేది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌లో లోను తీసుకున్నవాళ్లదీ ఇదే కథ, అది 2017లోనే ఎస్‌బీఐలో కలిసింది. పాత కారు ఇంట్లో ఉన్నవాళ్లందరూ, ఇవ్వాలని ఇప్పుడు అనుకోకపోయినా సరే, ఆర్సీ తీసి హైపోథికేషన్ వరుస ఒకసారి చూడండి. లోను తీరిన వెంటనే ఆ పేరు తీయించుకోని వాళ్లు మన దగ్గర చాలా ఎక్కువ. యజమాని చనిపోయి ఉంటే వారసుల కాగితాలు కూడా కావాలి, అది ఇంకా పెద్ద పని, దాన్ని వాయిదా వేయొద్దు.

ధర దగ్గరికొద్దాం. విధానం ప్రకటించినప్పుడు తుక్కు విలువ కొత్త బండి షోరూమ్ ధరలో 4 నుంచి 6 శాతం ఉంటుందని కేంద్రం అంది. అది ఒక అంచనా మాత్రమే, అంతే ఇవ్వాలని యూనిట్‌ని నిలదీసే వీల్లేదు. నిజంగా జరిగేది ఏంటంటే, బరువుని బట్టి, లోహాల రేటుని బట్టి, బండిలో బ్యాటరీ, సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్, ఇంజను, గేర్ బాక్సు లాంటివి ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి ధర కడతారు. 800 లాంటి చిన్న కారు బరువే తక్కువ, ఖాళీ బండి 650 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, కాబట్టి పెద్ద మొత్తం ఆశించకండి. మాకు ఇచ్చిన ధర ఇనుము కొట్టతను చెప్పిన దానికంటే కాస్త తక్కువే. అయినా ఇచ్చాం, ఎందుకంటే తేడాగా పోయిన డబ్బుకి బదులు మాకు రెండు సర్టిఫికెట్లు వచ్చాయి. ఒక్క యూనిట్‌నే అడగకండి, రెండు మూడు చోట్ల ఫోటోలు పంపి కొటేషన్లు తీసుకోండి. అడిగేటప్పుడు "బండి ఇంటి దగ్గర నుంచి తీసుకెళ్లే ఖర్చు ఈ ధరలో కలిసిందా?" అన్నది వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి.

నేను మార్కు తగ్గించింది ఇక్కడే. ఫోన్లో మాట్లాడినప్పుడు పికప్ ఉచితం అన్నారు. బండి ఎక్కించే లారీ వచ్చి, డ్రైవరు బెల్టులు కట్టేశాక, విశాఖ నగరం దాటితే కిలోమీటరుకి ఇంత అని మొదలుపెట్టారు. శ్రీకాకుళం వాళ్లకి అది మామూలు దూరం కాదు, హైవే మీద వంద కిలోమీటర్లకి పైమాటే, దారిలో టోల్ గేట్లు కూడా. నాన్న మాత్రం తొణకలేదు. చాట్‌లో వాళ్లు రాసిన "పికప్ ఫ్రీ" అన్న మెసేజ్ డ్రైవరు ఫోన్ నుంచే వాళ్ల మేనేజరుకి చూపించి, "బాబూ, మాట ఇచ్చింది మీరు. కుదరదంటే బండి దింపించండి, ఇంకో చోట మాట్లాడుకుంటాం" అన్నారు. కొంతసేపు బేరం నడిచాక టోల్ ఖర్చు మాత్రం మాది అన్న దగ్గర తెగింది. డబ్బు పెద్దది కాదు, కానీ వృద్ధులు ఒంటరిగా ఉండే ఇళ్లలో బండి లారీ ఎక్కాక ఎదురు మాట్లాడటం అంత తేలిక కాదు. ఇలాంటిది ఏ యూనిట్ చేసినా తప్పే. దూరం ఉన్న జిల్లాల వాళ్లకి రవాణా ఖర్చు ముందే చెప్పేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

బండి పంపే ముందు లోపల ఏమేం ఉన్నాయో చూసుకోండి అని వేరే చెప్పక్కర్లేదు. కానీ ఫాస్టాగ్ మర్చిపోకండి. స్టిక్కర్ చింపేస్తే సరిపోదు, జారీ చేసిన బ్యాంకుకి చెప్పి మూసేయించాలి. ట్యాగ్‌లో ఉన్న బ్యాలెన్సు, తీసుకున్నప్పుడు కట్టిన డిపాజిట్ మీవే, అడగండి. బండి అన్ని వైపుల నుంచి, ఓడోమీటరు, ఛాసిస్ నంబరు కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోండి.

యూనిట్ లోపల పని మాత్రం నాకు బాగా నచ్చింది. నేను వెనకే వెళ్లి చూశాను. ముందు ఆర్సీ, నంబర్లు సరిచూశారు, దొంగిలించిన బండి కాదని పోలీసు రికార్డులతో సరిచూడటం నిబంధనల్లోనే ఉంది. తర్వాత పెట్రోలు, ఇంజన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్ విడివిడిగా పీపాల్లోకి తీశారు. బ్యాటరీ వేరు, ఏసీ ఉన్న బళ్లకైతే గ్యాస్ వేరు. మన ఇనుము కొట్ల దగ్గర నల్లటి ఆయిల్ మట్టిలోకి ఇంకిపోతూ, వానాకాలంలో కాలవలోకి కలుస్తూ ఉండటం అందరం చూశాం, ఆ నీళ్లు వెళ్లేది నాగావళిలోకో చంపావతిలోకో కదా. సిమెంటు నేల మీద, ట్రేలు పెట్టి, చేతులకి గ్లవ్స్ వేసుకుని ఆ పని జరగడం చూస్తే ఇన్నాళ్లూ మనం ఏం పోగొట్టుకుంటున్నామో తెలిసింది. ఛాసిస్ నంబరు ఉన్న ముక్కని కోసి విడిగా ఉంచారు, తుక్కు సర్టిఫికెట్ ఇచ్చాక కూడా ఆరు నెలల పాటు దాన్ని భద్రంగా దాచాలి. నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చింది ఆ ముక్కే. ఎవరైనా రేపు ఆ నంబరు వాడాలని చూస్తే రుజువు ఉంది. డబ్బు బ్యాంకు ఖాతాలోకే పడింది.

కాగితాలు రెండు వస్తాయి, ఈ రెంటినీ ఒకటే అనుకోవద్దు. మొదటిది సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్. బండి యూనిట్‌కి అప్పగించారని, దాని యాజమాన్యం వాళ్లకి వెళ్లిందని చెప్పేది. కొత్త బండి పన్ను రాయితీకి, కొత్త బండి రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపుకి పనికొచ్చేది ఇదే. రెండోది బండిని నిజంగా ముక్కలు చేశాక ఇచ్చే వెహికల్ స్క్రాపింగ్ సర్టిఫికెట్. ఆర్టీవో రికార్డులో రిజిస్ట్రేషన్ రద్దవడానికి కావాల్సింది ఇది. మొదటిది రాగానే పని అయిపోయిందనుకుని రెండోది అడగని వాళ్లని అక్కడే చూశాను. రెండూ వచ్చాక కూడా ప్రభుత్వ వాహనాల రికార్డు అయిన వాహన్‌లో మీ బండి నంబరు కొట్టి, స్టేటస్ మారిందో లేదో కళ్లారా చూసుకోండి. మారకపోతే యూనిట్‌నీ ఆర్టీవోనీ అడగండి, మీ బాధ్యత తీరిపోయేది ఆ వరుస మారిన రోజునే.

మేం కొత్త కారు ఇంకా కొనలేదు, డిపాజిట్ సర్టిఫికెట్ దాచి ఉంచాం. ఒక షోరూమ్‌లో అడిగితే సేల్స్ కుర్రాడికి ఆ పేరే కొత్త. "ఎక్స్‌చేంజ్ బోనస్ ఉంది కదా మేడమ్, అదే ఇది" అన్నాడు. కాదు. ఎక్స్‌చేంజ్ బోనస్ డీలరు, కంపెనీ ఇష్టం మీద ఇచ్చేది. పన్ను రాయితీ ప్రభుత్వం వదులుకునేది. రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు మూడోది. ఇవి కాక 2024 ఆగస్టులో కార్ల కంపెనీలు కొన్ని, స్క్రాప్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి కారు ధరలో 1.5 శాతం లేదా 20 వేలు, ఏది తక్కువైతే అది తగ్గిస్తామని కేంద్ర మంత్రి గడ్కరీతో సమావేశం తర్వాత ఒప్పుకున్నాయి, అలాంటి ఆఫర్లు మీరు కొనే రోజున నడుస్తున్నాయా అనేది విడిగా అడగాలి. కొటేషన్‌లో వీటన్నిటికీ వేర్వేరు వరుసలు వేయించండి. అన్నీ కలిపి "టోటల్ డిస్కౌంట్" అని ఒకే అంకె రాసిస్తే సంతకం పెట్టకండి, ఎందుకంటే మీ సర్టిఫికెట్ వల్ల రావాల్సిన పన్ను తగ్గింపుని వాళ్ల బోనస్‌లో కలిపేసి చూపించడం చాలా సులువు. కొత్త బండి కొనే ఉద్దేశం లేని వాళ్లు నిరాశ పడక్కర్లేదు, డిపాజిట్ సర్టిఫికెట్‌ని ఆన్‌లైన్‌లో ఇంకొకరికి అమ్ముకునే ఏర్పాటు ఉంది. అందుకే దాన్ని యూనిట్ వాళ్లకే వదిలేసి రాకండి, "మీకేం పని లేదు కదా, ఇక్కడే ఉంచేయండి" అని అడిగేవాళ్లుంటారు.

మిగిలింది ఇన్సూరెన్స్, నిజంగా నగదుగా చేతికొచ్చింది ఇదే. 2024 జూన్‌లో బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం పాలసీదారు ఎప్పుడైనా పాలసీ రద్దు చేసుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు, ఏడాది పాలసీ అయి క్లెయిమ్ లేకపోతే మిగిలిన కాలానికి ప్రీమియం లెక్కకట్టి ఇవ్వాలి. మా కారుకి ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ. బీమా కంపెనీ ఫోన్లో మొదట "థర్డ్ పార్టీకి రద్దు ఉండదండీ" అనేసింది. బండి రోడ్డు మీద తిరుగుతున్నంత కాలం అది నిజమే, బీమా లేకుండా బండి ఉండకూడదు కాబట్టి. రిజిస్ట్రేషనే రద్దైపోయిన బండికి ఆ మాట వర్తించదు. తుక్కు సర్టిఫికెట్, వాహన్‌లో రద్దైన స్టేటస్ ప్రింటు జతచేసి మెయిల్ పెట్టాక, ఆ తర్వాత ఫిర్యాదుల విభాగానికి కూడా రాశాక, డబ్బు నాన్న ఖాతాలో పడింది. పెద్ద మొత్తం కాదు, కానీ ఆయనకి ఇది పట్టుదల. మీది ఫుల్ ఇన్సూరెన్స్ అయితే ఇంకో విలువైనది ఉంది, నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది బండిది కాదు, మీది. 50 శాతం వరకు పెరుగుతుంది. బండి ఇచ్చేశాక బీమా కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకుని మూడేళ్లలోపు కొత్త బండి పాలసీకి వాడుకోవచ్చు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాళ్లకి ఈ బోనస్ ఉండదు.

లారీలు, 407లు ఉన్నవాళ్లకి ఒక మాట, ఎందుకంటే వాళ్లకి నిజంగానే వాడని పన్ను అన్న సమస్య ఉంది. వాళ్లు కట్టేది మూడు నెలలకోసారి. బండి షెడ్డులో పడి ఉన్నా, తుక్కుకిద్దామని ఆగి ఉన్నా, ఆర్టీవోకి చెప్పనంత వరకు రోడ్డు మీద ఉన్నట్టే లెక్క, పన్ను, దాని మీద పెనాల్టీ పేరుకుంటూనే ఉంటాయి. బండి ఆపేస్తున్నామని ఆ మూడు నెలలు మొదలవక ముందే రాసి ఇవ్వాలి, అంటే ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి ఒకటో తారీఖుల లోపు. విశాఖ స్టీల్ ప్లాంటు ఆవరణ లోపలే తిరిగిన లారీల మీద పన్ను కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు లారీల యజమాని పక్షాన తీర్పిచ్చింది. మోటారు వాహన పన్ను ప్రజల రోడ్లు వాడుకున్నందుకు కట్టేదని, గోడలు, గేట్లున్న ప్లాంటు లోపల మాత్రమే తిరిగిన బండి మీద ఆ కాలానికి వేయకూడదని చెప్పింది. మన పక్క జిల్లా కేసు అది, మన రాష్ట్ర చట్టం మీదే వచ్చింది. కానీ ఆ తీర్పు ఉంది కదా అని ఇంటి పక్కన ఆపిన లారీకి కాగితం ఇవ్వకుండా కూర్చుంటే కుదరదు. ఆ కేసులో బళ్లు ప్లాంటు లోపలే ఉన్నాయని కాగితాలతో చూపించగలిగారు.

ఎవరికి ఈ సర్వీస్ వాడమంటాను? కొత్త బండి కొనబోయే వాళ్లకి తప్పకుండా. రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయి, రెన్యువల్ ఖర్చు భరించలేని వాళ్లకి కూడా. బండి ఇంకా బాగా నడుస్తూ, వాడకం ఉన్నవాళ్లైతే రెన్యువలే మేలు. మారుతీలకి, పాత అంబాసిడర్‌లకి ఇష్టపడి కొనుక్కునే మనుషులు ఇంకా ఉన్నారు, వాళ్లకి పేరు మార్పించి అమ్మితే తుక్కు కంటే ఎక్కువే వస్తుంది.

బావ ఎన్‌వోసీ వచ్చేసింది, ఫారం 35 మీద బ్యాంకు సంతకం కూడా అయింది, ఇప్పుడు ఆర్సీలో పేరు తీయించే పనిలో ఉన్నారు. అది అయ్యాక ఆయన ఇండికాని మేం ఇచ్చిన యూనిట్‌కే ఇస్తారు, కాకపోతే ఈసారి పికప్ ధర, టోల్‌తో సహా, ముందే మెసేజ్‌లో రాయించుకున్నాం.